కెరీతు వంక ఎండిపోయిన ఏడు

మా జేజికి, అంటే మా నాయన వాళ్ళమ్మకు, అక్షరం ముక్క రాదు. కానీ రాజుల మొదటి గ్రంథం 17వ అధ్యాయం మొదలు నుంచి చివరి దాకా నోటికి వచ్చు. వినీ వినీ పట్టుకున్నది. బైబిల్లో ‘కెరీతు వాగు’ అని ఉంటుంది. జేజి మాత్రం ఎప్పుడూ ‘కెరీతు వంక’ అనే చెప్పేది. మా పక్క వాగును వంక అనే అంటాం. అందుకని ఆమె కథ చెబుతుంటే, ఏలియా ప్రవక్త యొర్దాను నది పక్కన ఎక్కడో కాకుండా మా ఊరి దిగువన వంక గట్టు మీద, ఒరిగిపోయిన తుమ్మచెట్టు నీడలో కూర్చున్నట్టు కనపడేవాడు. పొద్దున, సాయంత్రం ఆయనకు రొట్టె, మాంసం తెచ్చిన పక్షులను బైబిల్లో ‘కాకోలములు’ అన్నారు. అదేదో మన దేశంలో లేని పక్షి అనుకునేదాన్ని. "కాకులేమ్మే, మన కాకులే. పొద్దున లేచి అదిలిచ్చామే, అవే" అనింది జేజి.

మొన్న పంట పండగకు ఊరికి పోయి వచ్చినప్పటి నుంచి జేజి మాటలే తలలో తిరుగుతున్నాయి. రాసి పెట్టుకోవాలనిపించింది.

మా ఊరు కడప జిల్లాలో, జమ్మలమడుగు నుంచి ముద్దనూరు పోయే దారిలో కొంచెం లోపలికి ఉంటుంది. నల్లరేగడి నేల. వాన పడితే కాలు బయటికి రాదు, పడకపోతే చెయ్యి పట్టేంత నెర్రెలు ఇస్తుంది. 1822లో కడపలో లండన్ మిషన్ వాళ్ళు పని మొదలుపెట్టారు. జమ్మలమడుగులో 1890ల్లో ఆ మిషన్ డాక్టరు క్యాంబెల్ ఆసుపత్రి పెట్టినాడు. నేను పుట్టింది ఆ ఆసుపత్రిలోనే. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు లండన్ మిషన్ సంఘాలు కూడా అందులో కలిసిపోయాయి. అయినా జేజికి చనిపోయే దాకా మాది ‘లండన్ మిసన్ గుడే’. మేము చర్చి అనేవాళ్ళం కాదు, గుడి అనేవాళ్ళం. ధాత కరువులో, అంటే 1876 నాటి కరువులో, వాళ్ళ జేజి చింతగింజలు ఉడకేసుకొని తిని బతికిందనీ, ఆ తర్వాతే మా ఇంటివాళ్ళు దేవుని నమ్ముకున్నారనీ చెప్పేది. కరువులోనే పుట్టిన సంఘం మాది.

గుడి మట్టి మిద్దె. కింద నాపబండలు, పైన తుమ్మ దూలాలు, నడిమధ్యన ఒక గవాక్షి. ఆరాధన మొదలయ్యేటప్పటికి గవాక్షిలో నుంచి దిగిన ఎండ ముక్క మొగోళ్ళ పక్క పడేది. జరిగి జరిగి ఆడోళ్ళ పక్కకు వచ్చేసరికి ప్రసంగం అయిపోయేది. మాకు గడియారం అదే. బయట వేపచెట్టుకు రైలు పట్టా ముక్క వేలాడేది. ఎప్పుడో ముద్దనూరు నుంచి ఎద్దులబండిలో తెచ్చినారంట. దాన్ని ఇనుప బోల్టుతో కొడితే పైఊరి దాకా వినపడేది. మొదటి గంట, రెండో గంట, మూడో గంట. మా జేజినాయన పోయినాక ఆ పని జేజి చేతికి వచ్చింది.

మట్టి మిద్దెలో పెరిగినవాళ్ళకు చౌడు సంగతి తెలుసు. ఏటేటా వానలకు ముందర మిద్దె మీద కొత్త చౌడు పరవాలి, లేకుంటే కారుతుంది. గుడి మిద్దెకు చౌడు ఎత్తే రోజు మాకు పండగ కన్నా ఎక్కువ. ఇంటికొక గంప. మొగోళ్ళు చౌడు తవ్వేది, ఆడోళ్ళు మోసేది, పిల్లలం మిద్దె మీద తొక్కేది. పోట్లాడుకున్న తోడికోడళ్ళు కూడా ఆ రోజు ఒకరి నెత్తి మీద గంప ఒకరు ఎత్తాల్సిందే, ఎందుకంటే గంప ఎవరి నెత్తికి వాళ్ళు ఎత్తుకోలేరు. మాట్లాడకుండా ఎత్తేవాళ్ళు. సాయంత్రానికి మాట కలిసేది. ఆ రోజు ప్రసంగం ఏమీ ఉండేది కాదు. మధ్యాహ్నం అందరికీ రాగి సంగటి, ఊరిబిండి.

ఇంక పిడికెడు కుండ. ఇది చాలా సంఘాల్లో ఉండేది, ఇప్పటికీ కొన్ని చోట్ల ఉంది. పూటపూటకూ వంటకు గింజలు కొలిచేటప్పుడు, ముందర ఒక పిడికెడు తీసి పక్కన కుండలో వేయాలి. అది దేవుని వంతు. మా ఇంట్లో ఆ కుండ పొయ్యి పక్క గూట్లో ఉండేది. దాని మూతి పగిలితే జేజి దారం చుట్టి పేడ పూసింది. మొదట్లో అందులో జొన్నలు, కొర్రలు పడేవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినాక బియ్యం పడినాయి. "ఈ బియ్యం కడుపులో నిలబడవు, దేవునికి యట్ల సరిపోతాయో" అని దిగులుపడేది జేజి. ఆమె తన పిడికిలి వేసినాక నన్ను కూడా ఒక పిడికిలి వేయమనేది. నా పిడికిలిలో పట్టేది ఎంత! వేళ్ళ సందుల్లో నుంచి జారి బండ మీద పడిన గింజలను ఒక్కొక్కటే ఏరి కుండలో వేయించేది. అవి మళ్ళీ మా చేటలోకి రాకూడదు. చెయ్యి తెరిచినాక అవి మనవి కావంట.

శనివారం సాయంత్రం జేజి ఇల్లిల్లూ తిరిగి కుండల్లోది గంపలో పోసుకొని వచ్చి, గుడి వెనక ఉండే బోధకుని ఇంట్లో దించేది. ప్రభువు బల్ల సంస్కారం ఇచ్చే పాస్టరు అయ్యగారు నెలకొకసారి జమ్మలమడుగు నుంచి వచ్చేవారు. మాతోపాటు ఊర్లో ఉండింది బోధకుడే. ఆయన జీతం సగం నెలకు కూడా సరిపోయేది కాదు. ఆ గింజలు ఆయనకని లెక్క.

1987లో దేశమంతా కరువు. మాకైతే అంతకు ముందు కూడా సరైన వానల్లేవు. వంకలో చెలమ తీసినా నీళ్ళు ఊరలేదు. అప్పుడు నాకు పదేళ్ళు. ఒకరోజు చేటలో ఉన్న బియ్యం చూసి, జేజి పిడికెడు తీస్తుంటే చెయ్యి పట్టుకున్నా. "ఈ పొద్దు వద్దు జేజీ, మనకే చాలవు." ఆమె నన్ను కసురుకోలేదు. "సారెపతు విధవరాలి కాడ ఎంత పిండి ఉండెనే?" అని అడిగింది. అదే 17వ అధ్యాయంలో ఏలియా రొట్టె అడిగిన ఆమె సంగతి. పట్టెడు అన్నాను. "పట్టెడే గదా. ఏలియా వచ్చి ముందర నాకు చెయ్యి అన్నాడు గదా." నాకు కోపం వచ్చింది. ఏలియా మీద. ఆ కోపం కూడా ఆమెకు చెప్పినా. జేజి కుండ మూత పెట్టి, "ఆయప్ప ఊరికే రాలేదు పాపా. ఆయప్ప వంక ఎండిపోతే వచ్చినాడు" అనింది.

ఆ మాట లోతు అప్పుడు తెలియలేదు. ఏలియాను కెరీతు దగ్గరికి పంపింది దేవుడే. అక్కడ కాకులతో మేపింది దేవుడే. అయినా ఆ వాగు ఎండిపోయింది. విశ్వాసం తక్కువై ఎండలేదు, వాన లేక ఎండింది. బైబిల్లో అట్లే రాసి ఉంది. పైగా వాన రాదని అహాబు రాజుకు చెప్పింది ఏలియానే. తాను చెప్పిన దేవుని మాటకు తానే దప్పికతో ఉండాల్సి వచ్చింది ఆయనకు. ఇప్పుడు టీవీలోనూ ఫోన్లోనూ వినే చాలా ప్రసంగాల్లో కెరీతు వాగు ఎండిపోదు. విత్తనం వేయి, నూరంతలు వస్తాయి అంటారు. రాకపోతే నీ విశ్వాసంలో లోపం ఉందంటారు. అప్పుల్లో ఉన్నవాళ్ళు, పిల్లలు దక్కనివాళ్ళు ఆ మాట విని ఇంకొంచెం కుంగిపోయి ఇంటికి పోవడం నేను కళ్ళారా చూశాను. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

ఆ ఏడు బోధకుడు జేజిని పిలిచి, "నాకు ఎంతో కొంత జీతం వస్తుందమ్మా. ఈ గింజలు మా ఇంటికి వద్దు" అన్నారు. అప్పటి నుంచి ఆ గంప చీకటి పడినాక ఇంకెవరి ఇంటికో పోయేది. ఎవరి ఇంటికనేది బోధకునికి, ఆయన ఇంటావిడ అమ్మగారికి, మా జేజికి తప్ప నాలుగో మనిషికి తెలియదు. ఎంత బతిమాలినా జేజి నాకు చెప్పలేదు.

మా నాయన నాపరాయి గనిలో పని చేసేవాడు. బండలు కోసి కోసి, ఆ దుమ్ములో ఎన్నేళ్ళు ఊపిరి పీల్చినాడో. దగ్గు మొదలై, మనిషి సగమైపోయినాడు. డాక్టర్లు చేతనైనంత చేశారు. ఇంటికి తెచ్చుకున్నాక సంఘమంతా మూడు రాత్రులు మా ఇంటి ముందర పెట్రోమాక్స్ లైటు పెట్టుకొని ప్రార్థన చేసింది. మూడో రాత్రి నేను నిద్రపోకుండా మోకాళ్ళ మీదే ఉన్నా. తెల్లారేటప్పటికి నాయన లేడు. 1988 ఫిబ్రవరి. అప్పటికి ఆయనకు ముప్పై ఆరేళ్ళు.

ఆ తర్వాత వచ్చిన శనివారమే, చీకటి పడినాక, అమ్మగారు గంపతో మా ఇంటికి వచ్చింది. గడపలో దించింది. జేజి దాన్ని చూసింది, మొహం తిప్పుకుంది. తన చేతులతో నిండిన గంప తన గడపకే రావడం ఆమె తట్టుకోలేకపోయింది. "వేరే ఇండ్లు ఉండాయమ్మా, ఆడికి తీసకపోండి" అనింది. లోపల మా అమ్మ పొయ్యి వెలిగించలేదు. నేను, తమ్ముడు పొద్దుటి నుంచి బొరుగులు తప్ప ఏమీ తినలేదు. అమ్మగారు గంప ఎత్తలేదు, అరుగు మీద కూర్చుంది. చాలాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. కడాకు అమ్మగారే అనింది: "ఏలియా అంత దేవుని మనిషి గదమ్మా. ఆయనే ఒక ముండమోసిన ఆమె ముందర చెయ్యి చాపి రొట్టె అడిగినాడు. మీకు తీసుకోవడానికి సిగ్గయితే ఎట్ల?"

జేజి కొంగు పట్టింది. పోస్తుంటే గింజలు రాలే చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది. ఆ కొంగు చివర వణుకుతా ఉండింది. మూడు నెలలు మేము ఆ గంప గింజలు తిన్నాం. ఆ మూడు నెలలూ జేజి పిడికెడు తీయడం మానలేదు. ఊరు ఇచ్చిన దానిలో నుంచే పిడికెడు తీసి మళ్ళీ కుండలో వేసేది.

ఒక రాత్రి మిద్దె మీద పడుకున్నప్పుడు అడిగినా. నన్ను ఎన్నాళ్ళ నుంచో తినేస్తున్న ప్రశ్న. అదే 17వ అధ్యాయంలో ఆ విధవరాలి కొడుకు చచ్చిపోతే ఏలియా ప్రార్థన చేసినాడు, వాడు బతికినాడు. "నువ్వూ విధవరాలివే గదా జేజీ. మా నాయన నీ కొడుకే గదా. మనమూ ప్రార్థన చేసినాం గదా."

చాలాసేపు ఏమీ అనలేదు. నిద్రపోయిందనుకున్నా. "నాకు తెలీదు పాపా" అనింది. కాసేపటికి మళ్ళీ, "ఆయన్నే అడుగుతాండా. దినామూ అడుగుతాండా" అనింది.

మరుసటి రోజు ఆదివారం. రైలు పట్టా మీద మొదటి గంట కొట్టింది ఆమే. దేవుడు జవాబు ఇవ్వని ప్రశ్నతో వారం వారం ఆయన దగ్గరికే పోయి కూర్చుంది, ఇంకో చోటికి పోలేదు. తర్వాత నేను వేదాంతం చదివినవాళ్ళ ప్రసంగాలు ఎన్నో విన్నా. నమ్మడం అంటే ఏమిటో నేను నేర్చుకున్నది మాత్రం ఆ మిద్దె మీదనే.

జేజి 1999లో పోయింది. 2006లో గుడి కొత్తగా కట్టినారు. స్లాబు, టైల్సు, ఫ్యాన్లు, మైకు సెట్టు. కువైట్‌లో పని చేసేవాళ్ళు పంపినారు, ఉద్యోగాలు చేసేవాళ్ళం ఇచ్చినాం. గోడకు బిగించిన పాలరాతి మీద నా పేరు ఆరోది. మంచి మనసుతోనే ఇచ్చినాం అందరం, అందులో తప్పు లేదు. కాకపోతే స్లాబుకు చౌడు అక్కర్లేదు. గంపలు ఎత్తే రోజు ఆగిపోయింది. ఆగిపోయిందని కూడా ఎవరికీ తోచలేదు. గవాక్షి లేదు, ట్యూబులైట్లు వచ్చినాయి. కానుకలకు కవర్లు వచ్చినాయి. ఇప్పుడు ఎవరికి లోటు ఉంది అని పిడికెడు కుండ కూడా ఆపేసినారు. సాక్ష్యం చెప్పే సమయంలో ఒకరు ఇల్లు కట్టిన సంగతి, ఒకరు కొడుక్కు సీటు వచ్చిన సంగతి చెప్పేవాళ్ళు. అవీ దేవుడు ఇచ్చినవే, స్తోత్రం చెప్పాల్సినవే. కానీ మా ఇంట్లో లేదు అని చెప్పే మనిషి ఒక్కరూ లేకుండా పోయినారు. లేనివాళ్ళు లేక కాదు. వాళ్ళు మెల్లగా రావడం మానేసినారు, లేదా వచ్చి వెనక కూర్చొని ముందరే లేచిపోయేవాళ్ళు.

ప్రకటన గ్రంథంలో లవొదికయ సంఘం ఉంటుంది. మేము ధనవంతులం, మాకేమీ కొదువ లేదు అనుకున్న సంఘం. తలుపు దగ్గర నిలబడి తడుతున్నానని ప్రభువు చెప్పింది ఆ సంఘానికే. ఆ మాటను మనం దేవుని ఎరగనివాళ్ళకు చెప్పే మాటగా క్యాలెండర్ల మీద వేసుకుంటాం. ఆయన బయట నిలబడింది మాత్రం సంఘం తలుపుకే. మా కొత్త గుడి తలుపు మీద కూడా ఆ వాక్యం పెయింటుతో రాయించినారు. కొన్నేళ్ళకు లెక్కల మీద గొడవ వచ్చింది, సంఘం రెండుగా చీలింది. ఎవరిది తప్పో నేను రాయను, రెండు పక్కలా నా వాళ్ళే. ఒక పక్క వాళ్ళు ఒక తాళం, ఇంకో పక్క వాళ్ళు ఇంకో తాళం వేసినారు. ఆ వాక్యం కిందనే రెండు తాళాలు పద్నాలుగు నెలలు వేలాడినాయి. మెట్ల మీద మేకలు పడుకునేవి.

ఆ పద్నాలుగు నెలల్లో మా చిన్నమ్మ వసారాలో అయిదు మంది ఆడోళ్ళు కూడేవాళ్ళు. తెల్లవారి అయిదుకు. రెండు పక్కల వాళ్ళూ ఉండేవాళ్ళు. గొడవ మాట ఎత్తకూడదు, అదొక్కటే కట్టుబాటు. పాటకు హార్మోనియం లేదు, తాళాలు కూడా లేవు. ఊర్లో ఇంటింటి పేరూ చెప్పి ప్రార్థన చేసేవాళ్ళు, తాళం వేసిన వాళ్ళ పేర్లతో సహా. చిన్నమ్మ ఖాళీ పెయింటు బకెట్టు ఒకటి కడిగి పెట్టి, పిడికెడు మళ్ళీ మొదలుపెట్టింది. నేను ఫోన్ చేసినప్పుడల్లా గుడి ఎప్పుడు తెరుస్తారు అని అడిగేదాన్ని. "గుడి తెరిచే ఉండాదిలేమ్మా" అనేది చిన్నమ్మ. నాకు అర్థమయ్యేది కాదు.

కడాకు సంఘంలో అందరికన్నా పెద్దాయన చనిపోతే తాళాలు తీసినారు. శవాన్ని గుడిలోకి తేవాలి. ఇద్దరూ తాళంచెవులతో వచ్చి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తీసినారంట. అంతకు మించి రాజీ ఏమీ జరగలేదు. మళ్ళీ తాళం వేయాలని మాత్రం ఎవరికీ మనసు రాలేదు.

మొన్న పంట పండగకు గుడి నిండింది. జొన్న కంకులు, శనగ కట్టలు, గుమ్మడికాయలు, కోళ్ళు బలిపీఠం ముందర పేర్చినారు. వేలంపాటకు ముందు సాక్ష్యాలకు సమయం ఇచ్చినారు. నలుగురైదుగురు లేచినారు. తర్వాత ఆడోళ్ళ పక్క నుంచి ఒక అమ్మాయి లేచింది. పైటచెంగు నెత్తిన కప్పుకొని, చంటిదాన్ని ఎత్తుకొని. భర్త కువైట్ పోయి రెండేళ్ళు. మైకు తీసుకోలేదు. "అయిదు నెలల నుంచి డబ్బులు రాలేదు. ఫోన్ కూడా లేదు. ఇంట్లో బియ్యం అయిపోయినాయి. దేవుని నమ్ముకొని ఉండా. ప్రార్థన చేయండి" అని కూర్చుంది.

ఎవరూ స్తోత్రం అనలేదు. అయ్యగారు చేతిలో పుస్తకం మూసి, ఏదో చెప్పబోయి ఆగిపోయినారు. ఫ్యాన్లు తిరిగే చప్పుడు ఒక్కటే. నా పక్కన కూర్చున్న చిన్నమ్మ మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. జనం మధ్య నుంచి దారి చేసుకుంటా బయటికి పోయింది. కాసేపటికి వేపచెట్టు పక్క నుంచి బకెట్టు కడ్డీ గలగలమనడం వినపడింది.